రైలు రక్షణకు కొలబద్ద

ఒంటి లైను మార్గములలో ప్రయాణము చేసిన వారందరును ఒక దృశ్యమును చూచియే యుందురు. చిన్న స్టేషనులో మెయిలు ఆగదు. ప్లాటుఫారము చివర ఒక పోర్టరు, రాత్రివేళ యైనచో దీపపు వెలుగున, ఒక వలయమును ఎత్తి పట్టుకొని నిలుచును. ఇంజనులోని మనిషి చేయి చాచి ఆ వలయమును అందుకొని, తమయొద్ద నున్న మరియొక వలయమును జారవిడుచును. చిన్నతనమున మేము దీనిని గారడీ యనుకొంటిమి. ఆ వలయమునకు వ్రేలాడు తోలుసంచిలో ఒక ఇనుప గోళమున్నదనియు, ఆ గోళమే టోకెను అనియు, అది చేత లేనిదే డ్రైవరు తరువాతి స్టేషనునకు కదలరాదనియు పెద్దయైన పిమ్మట తెలిసినది. రెండు స్టేషనులలోని టోకెను పెట్టెలు విద్యుత్తు తీగచే కలుపబడి యుండును. ఒక గోళము వెలుపలికి వచ్చినచో, అది తిరిగి ఏదో ఒక పెట్టెలో పడునంతవరకు రెండవ గోళము రాదు. గోళము ఒక్కటే కనుక బండియు ఒక్కటే. ఎదురుబండి వచ్చుటకు వీలే లేదు.

వీలే లేదని అంటిమి. ఈ మాటను ఎంతవరకు నమ్మవచ్చును? రైలును కాపాడుటకు మనుష్యుడు కల్పించిన సాధనము మంచిదో కాదో తేల్చుట ఎట్లు? నూటయేబది యేండ్లకు పైగా రైలు ఇంజనీర్లను వేధించుచున్న ప్రశ్న యిది. దీనికి వారు కనుగొనిన సమాధానములలో అనేకము ఘోరప్రమాదముల శిథిలములలో దొరకినవే.

టోకెను పుట్టుకయే అట్టిది. 1874 సెప్టెంబరు 10వ తేదీ రాత్రి ఇంగ్లండులో నారిచ్ నగర సమీపమున థార్ప్ అనుచోట, ఒక తంతివార్త విషయమున జరిగిన పొరపాటు వలన, ఒంటి లైనుమీద రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చి ఢీకొనెను. మాటమీద ఆధారపడిన రక్షణ మాటతోనే చెడునని గ్రహించి, ఎడ్వర్డ్ టైయర్ అను నాతడు 1878లో విద్యుత్తుతో పనిచేయు టాబ్లెట్ యంత్రమును నిర్మించెను. మన ఇనుప గోళమును ఆ వంశములోనిదే. పెట్టె లోపలి తాళము తీగ ఆజ్ఞ లేనిదే వదలదు. చేతితో లాగినను రాదు, కోపముతో గ్రుద్దినను రాదు.

అట్టి యంత్రమున్న చోటనే, 1921 జనవరి 26న, వేల్సు దేశమున కేంబ్రియన్ రైల్వేలోని ఆబర్మ్యూల్ స్టేషనులో ఏమి జరిగినదో చూడుడు. మాంట్‌గొమరీ వైపునుండి ఒక నెమ్మది బండి వచ్చి ఆగెను. ఎదుట న్యూటౌన్ వైపునుండి ఎక్స్‌ప్రెస్ రావలసి యున్నది. నెమ్మది బండి డ్రైవరు తాను తెచ్చిన టాబ్లెట్‌ను స్టేషను సిబ్బందికి ఇచ్చెను. అది ఒక కుర్రవాని చేతిలో పడినది. అతడు వేరొక పనిమీద పోవలసి వచ్చి, దానిని ఆనాడు బదిలీపై పనిచేయుచున్న స్టేషను మాస్టరు చేతిలో పెట్టెను. మాస్టరు దానిని ముందు మార్గమునకు తీసిన టాబ్లెట్ అని తలచి, చదువకయే డ్రైవరుకు తిరిగి ఇచ్చెను. డ్రైవరును చదువలేదు. టాబ్లెట్‌పై ఆ మార్గములోని రెండు స్టేషనుల పేర్లు చెక్కబడియే యున్నవి. తాను తెచ్చిన టాబ్లెట్‌నే తిరిగి పుచ్చుకొని ఆ డ్రైవరు ముందుకు సాగెను. సరియైన టాబ్లెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎదురుగా వచ్చుచుండెను. 17 మంది మరణించిరి. వారిలో ఆ రైల్వే కంపెనీ డైరెక్టరు ఒకరు.

యంత్రము ఇందులో తప్పు చేయలేదు. ఆ రోజున కూడ అది ఒక మార్గమునకు ఒక్క టాబ్లెట్‌నే ఇచ్చినది. తరువాత దానిని ఎవరైన విప్పి పరీక్షించి యుండినచో నూటికి నూరు మార్కులు వచ్చి యుండును. అయితే పెట్టెనుండి డ్రైవరు చేతివరకు గల ఆ నాలుగడుగుల దూరము యంత్రపు హద్దులో లేదు. ఆ యంత్రము స్టేషను భవనములో నుండుట చేత ఎవరు పడిన వారు దానిని ముట్టుకొనుచుండిరి. ఫలానావాడే ముట్టవలెనను నియమమున్నను, ఆచరణలో లేకపోయినది.

ఇంతకు అరువదియేండ్లు ముందటి కథ యింకను విచిత్రమైనది. ఇచ్చట యంత్రము నిజముగనే చెడినది. కాని చెడిన సంగతిని నిజాయితీగ చెప్పినది. 1861 ఆగస్టు 25, ఆదివారము. ఇంగ్లండు దక్షిణ తీరమున బ్రైటన్ నుండి లండనునకు మూడు బండ్లు కొద్ది నిమిషముల యెడముతో బయలుదేరెను. దారిలో క్లేటన్ అను సొరంగము కలదు. పొడవు రెండు కిలోమీటర్లకు పైగా. సొరంగమునకు రెండు కొసల ఇద్దరు సిగ్నలు మనుష్యులు, వారి నడుమ తంతియంత్రము. దక్షిణపు కొసన ఒక స్వయంచాలక సిగ్నలు కూడ నుండెను. బండి దాటగానే అది తనంతట తాను ప్రమాద సూచనకు మారవలెను. మారనిచో సిగ్నలు మనిషి గదిలో గంట మ్రోగును.

మొదటి బండి దాటినది. సిగ్నలు మారలేదు. గంట మ్రోగినది. అతడు ఎర్రజెండా పట్టుకొని పరుగెత్తునంతలో రెండవ బండి వచ్చి సొరంగములోనికి చొచ్చినది. జెండాను దాని డ్రైవరు చూచెనో లేదో అతనికి తెలియలేదు. సొరంగము ఖాళీయా యని తంతిమీద అవతలి వానిని అడిగెను. సరిగా అదే సమయమున మొదటి బండి అవతలి కొసన వెలువడినది. ఖాళీ యని జవాబు వచ్చినది. జవాబు మొదటి బండిని గురించి. ఇతడు తెలిసికొన్నది రెండవదానిని గురించి. మూడవ బండికి, ఆ కాలపు ఆచారము చొప్పున, తెల్లజెండా చూపి పంపివేసెను. రెండవ బండి డ్రైవరు మాత్రము ఎర్రజెండాను చూచియే యుండెను. అతడు చీకటిలో బండిని ఆపి, సంగతి కనుగొనుటకై మెల్లగా వెనుకకు నడుపుచుండెను. 23 మంది చనిపోయిరి. 176 మందికి గాయములు తగిలెను.

ఆ దినమున ఆ సిగ్నలు మనిషి ఇరువదినాలుగు గంటల పనిలో నుండెను. వారమునకొక పూర్తి దినము సెలవు దొరకుటకై అట్టి వంతును పెట్టుకొనుట అచ్చట వాడుక. విచారణ జరిగిన పిమ్మట, రెండు బండ్ల నడుమ కాలము గాక దూరము పాటింపవలెనని, అనగా ఒక విభాగమున ఒక బండియే యుండవలెనని, బ్రిటిషు ప్రభుత్వ అధికారులు గట్టిగా కోరిరి. కంపెనీవారు ఒప్పుకొనలేదు. అట్లు చేసినచో డ్రైవరుపై నున్న బాధ్యత తొలగి అజాగ్రత్త హెచ్చునని వారి వాదము. ఆ వాదము స్వార్థముతో కూడినదే యైనను పూర్తిగ తెలివిలేనిది కాదని మా అభిప్రాయము. కాపుదల హెచ్చిన కొలది కాపున్నదను ధీమా కూడ హెచ్చును. అయినను వాదములు తేలులోపల మనుష్యులు చచ్చుట మానలేదు. 1889 జూన్ 12న ఐర్లండులో ఆర్మా పట్టణముకడ, బడిపిల్లలు విహారమునకు పోవు బండి ఎగువన నిలిచిపోగా, దానిని రెండు ముక్కలుగా విడదీసిరి. వెనుకముక్క పల్లమునకు జారి, వెనుక వచ్చు బండిపై పడి, దాదాపు 80 మంది మరణించిరి. అప్పుడే పార్లమెంటు కదలి, ఆ యేడే ప్రయాణికుల లైనులన్నిటను బ్లాకు పద్ధతిని, పాయింట్లు సిగ్నళ్ల నడుమ ఇంటర్‌లాకింగును, స్వయముగ పట్టు బ్రేకులను నిర్బంధము చేయించు శాసనము చేసినది.

ఇక్కడ రెండు మాటలను విడదీసి చెప్పవలసి యున్నది. విశ్వసనీయత వేరు, భద్రత వేరు. మీ యింటి రేడియో చెడినచో మూగవోవును. విసుగు కలుగునే కాని హాని లేదు. గోడగడియారము ఆగిపోయినచో చూచిన వెంటనే తెలిసిపోవును. కాని అది నడచుచునే పది నిమిషములు వెనుకబడినచో? దానిని నమ్మి స్టేషనునకు పోయినవానికి బండి దొరకదు. చెడునో చెడదో అనునది విశ్వసనీయత. చెడినప్పుడు మౌనము వహించునా, అబద్ధమాడునా అనునది భద్రత. ఎల్లప్పుడును ఎర్రగానే నిలిచిపోయిన సిగ్నలు మిక్కిలి భద్రమైనది, కాని దానితో రైలు నడువదు.

ఈ భేదమును మంచు నేర్పినది. 1876 జనవరి 21న ఇంగ్లండులో ఆబట్స్ రిప్టన్ కడ మంచుతుపాను. ఆ కాలపు సిగ్నలు చేయి స్తంభములోని చీలికలోనికి వాలినచో దారి ఖాళీయని అర్థము. మామూలుగ అది అట్లు వాలియే యుండును. ప్రమాదమున్నప్పుడు మాత్రమే లేచును. ఆ దినమున చీలికలో మంచు గట్టిపడి చేయి అందులోనే బిగిసిపోయినది. సిగ్నలు మనిషి మీటను తిప్పెను, చేయి లేవలేదు. స్కాట్లండునుండి వచ్చు ఎక్స్‌ప్రెస్ డ్రైవరు దారి ఖాళీ యనుకొని వచ్చి బొగ్గుబండిని తాకెను. ఆ శిథిలములను మరియొక ఎక్స్‌ప్రెస్ వచ్చి తాకినది. తరువాత ఆలోచన తలక్రిందులైనది. సిగ్నలు సహజస్థితి ప్రమాదమే కావలెను. దారి ఇచ్చుటకే ప్రయత్నము కావలెను. ఏది తెగినను, విరిగినను, గడ్డకట్టినను చేయి ప్రమాద సూచనకే పోవలెను.

అమెరికాలో విలియం రాబిన్‌సన్ ఇదే సత్యమును విద్యుత్తుతో సాధించెను. అతని మొదటి ప్రయోగమున బండి వచ్చినప్పుడు మాత్రమే విద్యుత్తు ప్రవహించి సిగ్నలును మార్చెడిది. తీగ తెగినచో బండి యున్నను లేనట్లే కనబడునని అతడు త్వరలోనే గ్రహించెను. 1872లో పేటెంటు పొందిన రెండవ పద్ధతిలో పట్టాలగుండ విద్యుత్తు ఎల్లప్పుడును ప్రవహించుచుండును. బండి చక్రములు రెండు పట్టాలను కలిపినచో ప్రవాహము మధ్యనే మళ్లిపోయి సిగ్నలు ఎరుపగును. పట్టా విరిగినను ఎరుపే, తీగ తెగినను ఎరుపే, బ్యాటరీ చచ్చినను ఎరుపే. రైలు సిగ్నళ్ల చరిత్రలో ఇంతకంటె గొప్ప ఊహ లేదని మేము తలచుచున్నాము.

అటుపిమ్మట కొలతలు వచ్చినవి. నేడు ఇట్టి యంత్రములకు భద్రతాస్థాయిలను నిర్ణయించి, వాటిలో నాలుగవ దానిని అత్యున్నతముగ నెంచుచున్నారు. ఆ స్థాయి పొందవలెనన్నచో, హానికరమైన లోపము పది కోట్ల గంటలకు ఒకటికి మించరాదు. పది కోట్ల గంటలనగా సుమారు 11,400 సంవత్సరములు. శాతవాహనుల నాటినుండి గడచినది రెండువేల యేండ్లే కదా! కాని ఈ అంకెను చూచి నిద్రపోరాదు. అది ఒక్కొక్క యంత్రమునకు చెప్పిన హద్దు. అట్టివి పదివేలు నిరంతరము పనిచేయునప్పుడు, ఆ హద్దున కూర్చున్న లెక్క ప్రకారమే, పదునాలుగు నెలలకొక లోపము వచ్చుటకు అవకాశమున్నది. లోపము వచ్చినప్పుడెల్ల ప్రమాదము జరుగదు, నిజమే. హద్దుకంటె మేలుగ పనిచేయు యంత్రములును కలవు. అయినను అంకెను అంకెగ చదువుట మంచిది.

మన దేశమున నిర్మింపబడిన కవచ్ అను రక్షణ పద్ధతి ఈ నాలుగవ స్థాయికి చేరినది. దాని తొలి పరీక్షలు మన తెలుగునేల అంచున, లింగంపల్లి, వికారాబాదు, వాడి, బీదరు మార్గములలో జరిగినవి. దానిని తయారుచేసిన తొలి మూడు సంస్థలును హైదరాబాదువే. స్లీపర్లపై అమర్చిన చిన్న బిళ్లలను ఇంజను చదువును. స్టేషనుతో రేడియో ద్వారా మాటలాడును. డ్రైవరు ఎర్ర సిగ్నలును గమనింపనిచో తానే బ్రేకు వేయును. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషనుల నడుమ రెండు ఇంజనులను ఎదురెదురుగా నడిపి పరీక్షించిరి. రైల్వే మంత్రి ప్రయాణించుచున్న ఇంజను రెండవదానికి 380 మీటర్ల దూరముననే ఆగినది. 2023 చివరినాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మార్గమునకు, 139 ఇంజనులకు దీనిని అమర్చిరి. మెచ్చుకొనదగిన పని. అయితే మంత్రిగారు ఇంజనులో నున్న దినమున తీగలన్నియు సరిగానే యుండును.

తీగలు సరిగా లేని దినమెట్లుండునో 1988 డిసెంబరు 12న లండనులోని క్లాఫం జంక్షను చూపినది. పాత సిగ్నళ్లను తీసి కొత్తవి పెట్టుచున్న కాలమది. ఒక పనివాడు పాత తీగనొకదానిని ఒక కొసన విప్పి, రెండవ కొసను విప్పక, విప్పిన కొసను కత్తిరింపక, చుట్టక వదలివేసెను. కొన్నాళ్లకు ప్రక్కన మరియొక పని జరుగునప్పుడు ఆ తీగ కదలి పాతచోటను తాకినది. రాబిన్‌సన్ ఊహకు ఇంతకంటె శత్రువు లేదు: బండి నిలిచి యున్నను విద్యుత్తు వేరు దారిన వచ్చి, ఎవరును లేరని చెప్పినది. ఉదయపు రద్దీలో బండిమీద బండి పడి 35 మంది మరణించిరి. ఆ పనివాడు పదుమూడు వారములలో ఒక్క దినమే సెలవు పొందెనని విచారణలో తేలినది. పని చేసినవాడు గాక వేరొకడు తీగలను లెక్కింపవలెనను నియమమున్నను, ఆ లెక్క జరుగలేదు. క్లేటన్ సొరంగపు మనిషికిని ఇతనికిని నడుమ 127 సంవత్సరములు గడచినవి.

2023 జూన్ 2న సాయంకాలము ఒడిశాలోని బహనాగా బజారు స్టేషనులో జరిగినదియు ఈ కోవలోనిదే. అది మన కోస్తా జిల్లాలగుండ పోవు కోరమండల్ ఎక్స్‌ప్రెస్. కనుక ఆ రాత్రి ఎన్నో తెలుగు ఇండ్లలో దీపములారలేదు. మెయిను లైనుకు పచ్చ సిగ్నలు పడినది. పాయింట్లు మాత్రము లూపు లైనునకు తిరిగి యున్నవి. పాయింట్లు సరిగా లేనిదే సిగ్నలు పడకుండుటయే ఇంటర్‌లాకింగు ధర్మము. ఆ ధర్మమే తప్పినది. లూపులో ఇనుప ఖనిజపు గూడ్సు నిలిచి యుండెను. 290 మందికి పైగా మరణించిరి. రైల్వే భద్రతా కమీషనరు విచారణలో తేలిన కారణము: మునుపు సిగ్నలు సర్క్యూటులో చేసిన మార్పులందును, ఆ దినమున లెవెలు క్రాసింగు గేటుకు కొత్త యంత్రము అమర్చు పనియందును జరిగిన లోపములు. తీగలకు కట్టిన పేర్లు తప్పుగా నుండి, యేండ్ల తరబడి ఎవరి కంటను పడలేదు. అదే ఖరగ్‌పూరు డివిజనులో 2022 మే 16న ఇట్టి తీగల తప్పు ఒకటి వేరొక స్టేషనులో బయటపడియే యుండెను. అప్పుడే తగినట్లు సరిదిద్ది యున్నచో ఈ ప్రమాదము జరిగెడిది కాదని ఆ విచారణయే చెప్పినది. కవచ్ అక్కడ లేదు. ఉన్నను అది సిగ్నలు మాటనే వినును. పచ్చయని సిగ్నలు చెప్పుచున్నప్పుడు ఆపుటకు దానికి కారణము కనబడదు.

దీనికి ఎదురైన కథ మన విజయనగరము దగ్గర, అదే సంవత్సరము అక్టోబరు 29న కంటకాపల్లి, అలమండల నడుమ జరిగినది. ఆటోమేటిక్ సిగ్నళ్లు చెడి యుండెను. అట్టి సిగ్నలు కడ ఆగి, పిదప గంటకు పది కిలోమీటర్లకు మించని వేగమున పోవలెనని నియమము. రాయగడ పాసింజరు ఆ నియమమును పాటింపక రెండు సిగ్నళ్లను దాటినదని ప్రాథమిక విచారణ తెలిపినది. ముందున్న పలాస పాసింజరును వెనుకనుండి తాకగా పదిమందికి పైగా మరణించిరి. బహనాగాలో సిగ్నలు అబద్ధమాడినది. ఇచ్చట అది చెడినను హద్దులోనే చెడినది. కాని చెడిన సిగ్నలు కాపుదలను మనుష్యుని చేతికి అప్పగించి తాను తప్పుకొనును. తరచుగ చెడు సిగ్నలు డ్రైవరుకు ఎరుపును తేలికగ చూచుట నేర్పును. భద్రత వేరు, విశ్వసనీయత వేరని పైన అంటిమి. ఇంజనులో కూర్చున్నవానికి మాత్రము అవి రెండును ఒక్కటే.

కనుక యంత్రము సరిగా నున్న గంటలను మాత్రమే లెక్కించు కొలబద్ద మాకు చాలదు. చెడిన సమయమునుండి బాగుపడు సమయమువరకు, మరమ్మతుకై మూత తెరచిన క్షణమునుండి తిరిగి మూసిన క్షణమువరకు ఏమి జరుగునో దానిని కూడ తూచవలెను. పది కోట్ల గంటలలో ఈ గంటలు బహు స్వల్పము. క్లేటన్, క్లాఫం, బహనాగా, కంటకాపల్లి నాలుగును ఆ స్వల్పములోనివే.

తూచువారు రైల్వేకు లోబడినవారు కారాదను ఊహ మన దేశమున పాతదే. రైలు తనిఖీ అధికారులను 1941లోనే రైల్వే బోర్డు అదుపునుండి తప్పించిరి. నేడు రైల్వే భద్రతా కమీషను పౌర విమానయాన శాఖ క్రింద నున్నది. రైలును గూర్చి తీర్పు చెప్పువాడు విమానముల శాఖకు చెందుట వినుటకు వింతగ నుండును గాని, అందులో అర్థమున్నది. సిగ్నలు పనివారికి చదువు చెప్పుటకు సికిందరాబాదులో 1957లో వెలసిన సంస్థ కలదు. కవచ్ పాఠములును నేడు అచ్చటనే.

ఇక స్టేషనులో నిత్యము కనబడు వస్తువు ఒకటి యున్నది. సిగ్నలు పనివాడు ఏదేని పెట్టె మూత తీయుటకు ముందు స్టేషను మాస్టరుకు ఒక కాగితము ఇయ్యవలెను. టి-351 అని దాని పేరు. ఫలానా సాధనమును విడదీయుచున్నానని మొదటి భాగమున, తిరిగి కలిపితినని రెండవ భాగమున వ్రాసి, గంట నిమిషములు వేసి సంతకములు చేయవలెను. ఆ రెండు సంతకముల నడుమ బండ్లు ఆగవు. చేతిజెండాల మీద, వ్రాతపూర్వకమైన అనుమతుల మీద నడచుచునే యుండును.